మేనత్త మాట

ఫూసికి రెండు బళ్లలో సీటు వచ్చిందన్న సంగతి ఆ ఆదివారానికల్లా చర్చికంతా తెలిసింది. ఏ బళ్లో చేరుతుందన్నది మాత్రం కన్నతల్లి తలీతాకు కూడా తెలియదు. ఆ మాట మెలెనైతే నోట రావాలి. మెలెనైతే కెలెపికి అక్క, ఫూసికి మేనత్త. టోంగా దీవుల వాళ్ల ఇళ్లలో తండ్రి మాటనైనా దాటవచ్చు గాని మేనత్త మాట దాటడం ఉండదు. ఆక్లండ్ వచ్చి ముప్పై ఏళ్లు దాటినా కెలెపి ఇంట్లో ఆ పద్ధతి చెక్కు చెదరలేదు.

రెండూ సర్కారుతో సంబంధం లేకుండా నడిచే బళ్లే. పిల్లల్ని యూనివర్సిటీకి తయారు చేసి పంపేవే. పదమూడేళ్ల పిల్ల తెలివి చూసి రెండు చోట్లా ఫీజు లేకుండా చేర్చుకుంటామన్నారు. ఒకటి వీళ్లుండే మాంగెరె పేట నుంచి బస్సెక్కితే అరగంట. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. కొత్తగా పెట్టిన బడి, సైన్సుకంతా కలిపి ఒక్కతే టీచరు. రెండోది దక్షిణాన, కారులో మూడు గంటల దూరంలో, ఒక కొండ మీద ఉంది. పిల్లలు అక్కడే ఉండి చదువుకోవాలి. సెలవులకు తప్ప ఇంటికి పంపరు. ఏటా ఆ కొండ దిగి కొందరైనా డాక్టరీ చదువుకు పోతారని పేరు.

"మీ అక్కని ఒక్కసారి అడగరాదూ," అంది తలీతా, చర్చి నుంచి వస్తూ.

"అక్కని నేనడగడమేంటి?" అన్నాడు కెలెపి. "ఆవిడ చెబుతుంది. మనం వింటాం."

ఆదివారం భోజనాలు మెలెనైతే ఇంట్లోనే. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. అయినా ఆ బల్ల ఎప్పుడూ నిండే ఉంటుంది. చేమాకుల్లో మాంసం, కొబ్బరిపాలు పోసి చుట్టిన పొట్లాలు తలీతా ఒక్కొక్కటే విప్పి పెడుతోంది. కెలెపి వాకిట్లో వరండా మీద కూర్చున్నాడు. ఊహ తెలిసిన దగ్గర్నుంచి అతను అక్క ఉన్న గదిలో కూర్చోలేదు, అక్క ఎదుట నవ్వులాట ఆడలేదు. అతని గౌరవమంతా ఆ గోడకి అవతల కూర్చోవడంలోనే ఉంది.

"ఏమే తలీతా, ఇందులో మాంసం పెట్టావా, నీ కూతురి కోసం దాచావా?" అంది మెలెనైతే.

"ఉప్పు మాంసం తినొద్దన్నాడుగా వదినా డాక్టరు."

"డాక్టరు అన్నాడు. దేవుడనలేదు. ఇటు తే." ఆవిడ పొట్లం తన వైపు లాక్కుంది. "మీ ఆయన్నడుగు, ఇంకో దుంప కావాలేమో. ఆ వరండాలో కూర్చుని ఈగలకి పెడుతున్నాడో, తను తింటున్నాడో."

తలీతా వరండాలోకి వెళ్లి అడిగింది. కెలెపి తల ఊపాడు. లోపలికి వచ్చి "కావాలట" అంది. ఈ రాకపోకలు ఆమెకు పదిహేనేళ్ల అలవాటు. అక్క మాట తమ్ముడికీ, తమ్ముడి మాట అక్కకీ మోసేది తనే.

"ముప్పై ఏళ్లు ఆస్పత్రి చాకిరేవులో డాక్టర్ల తెల్లకోట్లు ఉతికాను," అంది మెలెనైతే, ఎవరితోనూ కాకుండా. "కాలరు లోపల పేర్లు కుట్టి ఉంటాయి. ఉతికిన ప్రతి కోటుకీ కాలరు తిప్పి చూసేదాన్ని. ఒక్క కోటు మీదైనా మన పేరు కనిపిస్తుందేమోనని."

ఫూసి తింటున్నదల్లా ఆగి మేనత్త వంక చూసింది. తలీతా చూపు కూతురి మీదే ఉంది.

"శనివారం ఆ కొండబడి చూసొద్దాం," అంది మెలెనైతే. "దగ్గరిది చూశాను. అదీ చూశాకే చెబుతాను."

శనివారం కెలెపికి డ్యూటీ. తలీతానే కారు నడిపింది. మెలెనైతే టోంగా మర్యాద ప్రకారం నడుముకి మంచి చాప కట్టుకుని, తల మీద పెళ్లికి పెట్టుకునే టోపీ పెట్టుకుని, పెళ్లిచూపులకు వెళ్తున్నట్టు ముందు సీట్లో కూర్చుంది. "చూడబోయేది మనం. వాళ్లు కాదు," అని దారంతా చెప్పింది.

బళ్లో హెడ్మిస్ట్రెస్ చేయి చాపి, "ఫూసి వాళ్ల అమ్మగారెవరు?" అంది.

"అమ్మ ఇది," అని తలీతాను చూపించింది మెలెనైతే. "మాట్లాడేది నేను."

హెడ్మిస్ట్రెస్ నవ్వుతూనే ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ తర్వాత ప్రశ్నలన్నీ తలీతా వైపే తిరిగి అడిగింది. తలీతా ప్రతిసారీ వదిన వైపు చూసింది. జవాబులు మెలెనైతే చెప్పింది.

లాబొరేటరీలో ఒక పెద్ద పిల్ల, మేక గుండెను రెండుగా కోసి చూపిస్తోంది. ఫూసి ముందుకు వెళ్లి బల్ల మీదికి వంగింది. ఆ పెద్ద పిల్ల ఫూసి చేతికి తొడుగు ఇచ్చి, "వేలు ఇందులోంచి పెట్టు, ఇటు వస్తుంది చూడు," అంది. ఫూసి వేలు పెట్టింది. వేలు అవతల బయటికి వచ్చినప్పుడు కూతురి ముఖం ఎలా వెలిగిందో తలీతా చూసింది. తను కన్న ముఖం కదా, దానిలో వెలుగు ఎప్పుడు ఎంత ఉంటుందో ఆమెకు తెలుసు. ఇంత ఎప్పుడూ చూడలేదు.

తర్వాత పడకల గది చూపించారు. వరుసగా ఇనప మంచాలు, ఒక్కోదాని పక్కన చిన్న చెక్క అల్మరా. తలీతా ఒక పరుపు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసింది. గట్టిగా ఉంది. దిండు పలచన. ఆ గదిలో ఆమె మనసు నలభై ఏళ్లు వెనక్కి పోయింది.

తలీతాకు ఏడేళ్లప్పుడు, టోంగాలోనే ఉన్న వవావూ దీవి నుంచి తన మేనత్త వచ్చి, "ఈ పిల్లని నేను పెంచుకుంటాను," అంది. అంతే. ఆవిడుండే పట్నానికి పడవెక్కించారు. మేనత్త మంచిదే, కడుపునిండా పెట్టింది, బడికి పంపింది. ఎప్పుడన్నా కొబ్బరి నూనె సీసాలు, ఎండు చేపలు మూట కట్టుకుని అమ్మ పడవ మీద చూడ్డానికి వచ్చేది. "ఎలా ఉన్నావే?" అనేది. "బాగానే ఉన్నాను," అనేది తలీతా, మర్యాదగా, చేతులు ఒళ్లో పెట్టుకుని. అమ్మ ఇంకా ఏదో వినాలని కాసేపు చూసేది. తలీతాకు ఇంకేం చెప్పాలో తెలిసేది కాదు. అమ్మ పోయినప్పుడు కూడా ఎవరో దగ్గరి చుట్టం పోయినంతే ఏడ్చింది. దానికే తర్వాత ఎన్నో రాత్రులు ఏడ్చింది.

తిరుగు దారిలో పెట్రోలు కోసం ఆగారు. తలీతా పెట్రోలు పోస్తూ అద్దంలోంచి చూసింది. మెలెనైతే వెనక్కి తిరిగి ఫూసితో ఏదో చెబుతోంది. ఫూసి తల ఆడించింది. తలీతా డబ్బు కట్టి వచ్చేసరికి ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"ఏమంటోంది అత్త?"

"మేక గుండె తింటే ఉప్పు వేసుకోవచ్చా అని అడుగుతోంది," అంది ఫూసి. మెలెనైతే పకపకా నవ్వింది.

ఇల్లు దగ్గర పడ్డాక తలీతా ధైర్యం చేసింది. "వదినా, నీకేమనిపించింది?"

"రేపు కాదు, గురువారం చెబుతాను. ముందు నేను నీతో ఒకపూట కూర్చోవాలి. ఊరికే చెప్పే మాట కాదిది."

ఆ కూర్చోవడం పడలేదు. బుధవారం పొద్దున్న పక్కింటివాళ్లు చూసేసరికి మెలెనైతే వంటింట్లో పడి ఉంది. నెత్తుటి గడ్డ మెదడులోకి పోయిందన్నారు. మాట పోయింది, కుడి పక్కంతా చచ్చుపడింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

బళ్లకు జవాబు శుక్రవారం సాయంత్రంలోగా చెప్పాలి. ఒకటి ఒప్పుకుంటే రెండోది వదులుకున్నట్టే. కెలెపి రెండు రోజులూ ఆస్పత్రి వరండాలో గోడకానుకుని నిలబడ్డాడు. నర్సు ఒకటికి రెండుసార్లు వచ్చి, "మీరు తమ్ముడేగా? లోపలికి వెళ్లండి, పర్వాలేదు," అంది. కెలెపి తల వంచుకుని, "ఇక్కడే బాగుంది," అన్నాడు. పొద్దుపోయే వేళ మాత్రం గోడకి నుదురానించి, చర్చిలో పాడే కీర్తన ఒకటి మంద్రంగా పాడేవాడు. అక్కకు వినపడేంత, పక్క గదివాళ్లు విసుక్కోనంత.

శుక్రవారం మధ్యాహ్నం అతను తలీతా దగ్గరికి వచ్చాడు. పక్కనే ఫూసి.

"లోపలికెళ్లి అడుగు," అన్నాడు.

"ఆవిడకి మాట లేదు కెలెపీ."

"వినపడుతోంది. నర్సు చెప్పింది, ఎడం చెయ్యి నొక్కుతోందట. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు. అక్క మాట లేకుండా నేను సంతకం పెట్టలేను. నీకు తెలుసుగా."

తలీతా లోపలికి వెళ్లింది. నర్సు మంచం పక్క కుర్చీ సర్ది, "అటువైపు కూర్చోండి, ఎడం చెయ్యి అటుంది," అని చెప్పి బయటికి వెళ్లిపోయింది.

తలీతా అటు వెళ్లలేదు. తలుపుకి దగ్గరగా ఉన్న ఇటు వైపే నిలబడింది. మంచం మీద మెలెనైతే చిన్నదైపోయింది. చాకిరేవులో తడిసిన దుప్పట్లు ఎత్తిన చేతులు, దుప్పటి మీద వాడిపోయి ఉన్నాయి. తలీతా తన వైపున్న చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. అది కుడి చెయ్యి. చల్లగా, బరువుగా, ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా ఉంది.

"వదినా," అంది. "పిల్లని ఏ బడికి పంపమంటావు? దగ్గరి బడికేనా?"

మెలెనైతే కళ్లు ఆమె మీద నిలిచాయి. ఆ చేతిలో కదలిక లేదు.

"కొండబడికా?"

కదలిక లేదు. అవతల, దుప్పటి అంచు దగ్గర, ఎడం చేతి వేళ్లు విచ్చుకుని మూసుకున్నాయి. మళ్లీ విచ్చుకున్నాయి. తలీతా అటు చూడకుండా వదిన ముఖమే చూస్తూ ఉండిపోయింది. కంటి కొస నుంచి నీరు చెవిలోకి జారింది. జబ్బు మనిషికి అలా కారుతూ ఉంటుందని నర్సు ముందే చెప్పింది. తలీతా తన రుమాలుతో దాన్ని తుడిచింది, దిండు సర్దింది. మంచం చుట్టూ తిరిగి రావడానికి నాలుగు అడుగులు కూడా పట్టవు. ఆమె వెనక్కి తిరిగి తలుపు వైపు నడిచింది.

వరండాలో కెలెపి నిటారుగా నిలబడ్డాడు.

"దగ్గరి బడి," అంది తలీతా.

అతను కళ్లు మూసుకుని తల ఊపాడు. భుజాల మీద నుంచి ఏదో దిగినట్టయింది. ఫూసి తల్లి ముఖంలోకి ఒక్కసారి చూసింది. తర్వాత నేల వైపు చూసింది. "సరే," అంది.

ఆ సాయంత్రమే కెలెపి దగ్గరి బడికి ఫోను చేసి ఒప్పుకున్నాడు, కొండబడికి కృతజ్ఞతలు చెప్పి వద్దన్నాడు. ఆదివారం తెల్లవారుతుండగా మెలెనైతే పోయింది. గోడ అవతల కెలెపి కీర్తన పాడుతూనే ఉన్నాడు. తలీతా బయటికి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసేదాకా ఆపలేదు.

మేనత్త చావులో తమ్ముడి బిడ్డలది అందరికన్నా కింది స్థానం. శవం దగ్గరికి రాకూడదు, వెనక వంటపొయ్యి దగ్గర పని చేసుకోవాలి. నడుముకి చిరిగిన పెద్ద చాప, మోకాళ్లు దాటి నేలకి జీరాడేది. జుట్టు కత్తిరించుకోవాలి. ఫూసి జడ నడుం దాటి ఉండేది, తలీతా రోజూ నూనె రాసి అల్లేది. మట్టి చేసిన మర్నాడు, పెద్ద వరస ముసలావిడ ఒకతె వచ్చి కత్తెర పట్టింది. ఆవిడకి చూపు ఆనదు. ఒకపక్క చెవి దాకా, ఒకపక్క మెడ దాకా కత్తిరించి, "అయింది, లే," అంది.

ఇంటికి వచ్చాక తలీతా కూతుర్ని స్నానాల గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి, అంచులు సమం చేయడం మొదలుపెట్టింది. కిటికీ పైనుంచి విమానాలు కిందికి దిగుతున్నాయి. ఒక్కోటి పోయేదాకా మాటలాపాలి.

"మగపిల్లాడిలా ఉన్నాను," అంది ఫూసి అద్దంలో చూసుకుంటూ.

"పెరుగుతుంది. కదలకు. బడి తెరిచేసరికి చెవులు కమ్ముతుందిలే. ఆ బళ్లో గడ్డి టోపీ పెట్టుకోవాలట కదా, కనపడదు కూడా."

"కొండబళ్లో టోపీ లేదు," అంది ఫూసి.

కత్తెర ఆగింది. "నీకు అంత ఇష్టమైతే అప్పుడే అనొచ్చుగా."

"అత్త మాట అయ్యాక నేనేమంటాను?"

"అవును," అంది తలీతా. కత్తెర మళ్లీ నడిచింది. "అత్త మాట."

ఒక విమానం పోయింది. అది పూర్తిగా పోయాక ఫూసి అంది, "పెట్రోలు దగ్గర నాకు చెప్పింది."

"ఏం చెప్పింది?"

"కొండబడే అంది. నాతో చెప్పిందని నీతో చెప్పొద్దంది. 'మీ అమ్మని చిన్నప్పుడు వాళ్లమ్మ దగ్గర్నుంచి తీసుకెళ్లారు, దానికి ఆ భయం ఉంది. నువ్వు చెబితే నువ్వే విడిపోవాలనుకుంటున్నావనుకుని ఏడుస్తుంది. నేను ఒకపూట దాన్ని కూర్చోబెట్టుకుని చెబుతాను. నెలకోసారి నేనే దాన్ని అక్కడికి తీసుకొస్తాను' అంది."

తలీతా చేతిలో జుట్టు పాయ ఒకటి మిగిలిపోయింది.

"మరి ఆస్పత్రిలో... నేను వచ్చి చెప్పినప్పుడు..."

"నాన్న ఉన్నాడుగా," అంది ఫూసి మెల్లగా. "నాన్న ముందు నువ్వు అత్త మాట మార్చావని ఎలా చెప్పను? ఆపైన అనుకున్నాను, లోపల అత్త మనసు మార్చుకుందేమోనని." అద్దంలో తల్లి వంక చూసింది. "మార్చుకుందా అమ్మా?"

తలీతా నోరు తెరిచింది. అద్దంలో తన కుడి చెయ్యి, కత్తెర పట్టుకున్నది, కనిపిస్తోంది.

"నేను ఇటువైపు నిలబడ్డాను," అంది. "కుడి చేతి వైపు."

ఫూసి మెడ మీద రాలిన జుట్టు దులుపుకుంది. ఆస్పత్రి వరండాలో, ఎడం చెయ్యి అని కెలెపి చెప్పినప్పుడు తనూ పక్కనే ఉంది. తర్వాత "వెనక ఇంకా ఎగుడుదిగుడుగా ఉంది, చూడు," అంది.

మర్నాడు పొద్దున్నే కెలెపి పనికి పోయాక తలీతా కొండబడికి ఫోను చేసింది. హెడ్మిస్ట్రెస్ గొంతు ఆదరంగానే ఉంది. ఆ సీటు వరసలో ఉన్న తర్వాతి అమ్మాయికి ఇచ్చేశామంది, వాళ్లు అప్పుడే సంతకాలు పెట్టేశారంది. పై తరగతుల్లో ఖాళీ వచ్చినా ఫీజు లేకుండా చేర్చుకునే వీలు మొదటి ఏడాదిలోనే అంది. "లాబొరేటరీలో ఆ పిల్లని అందరం గుర్తుపెట్టుకున్నాం. మీరు మాట్లాడతారని ఆ రోజు నాకు చాలా ఆశగా ఉండింది," అంది చివర్న. తలీతా ధన్యవాదాలు చెప్పి ఫోను పెట్టేసింది.

సాయంత్రం కెలెపికి చెప్పింది. వరండాలో నిలబడి, దాచకుండా చెప్పింది, ఏ చెయ్యి పట్టుకున్నదీ కూడా. అతను విన్నాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. "అక్క వేళ్లు కదిలాయా?" అని అడిగాడు.

"కదిలాయి."

"ఎన్నిసార్లు?"

"చూడలేదు."

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. భోజనం వేళకి వచ్చి, అక్క పోయినా, ఆదివారాల అలవాటు ప్రకారం, పళ్లెం తీసుకుని వరండాలోకి వెళ్లి కూర్చున్నాడు. ఆ రోజు ఆదివారం కాదు, ఆ ఇల్లు అక్కది కాదు. లోపల బల్ల దగ్గర తలీతా మాత్రమే ఉంది.

జనవరి చివర బళ్లు తెరిచారు. మొదటి రోజు ఫూసి కొత్త బట్టల్లో నిలబడితే, గడ్డి టోపీ జారి కళ్ల మీదికి వచ్చింది. జడ ఉన్నప్పటి కొలత చెప్పి తెప్పించిన టోపీ అది. తలీతా ఒక గుడ్డపేలిక మడిచి టోపీ లోపలి అంచులో పెట్టింది. ఫూసి పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆగింది," అంది. బస్సెక్కింది.

ఆ రోజంతా తలీతా ఇంట్లో పని ఏదీ కుదురుగా చెయ్యలేదు. నాలుగున్నర అయ్యేసరికి చేమదుంపలు ఉడికించి, చేప వేయించి బల్ల మీద పెట్టింది. గేటు చప్పుడైంది. ఆ చప్పుడు వినాలనే కదా ఇంత జరిగింది. ఫూసి లోపలికి వచ్చింది. టోపీ తీసి మేకుకి తగిలించింది. చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"ఎలా ఉందే బడి?" అంది తలీతా.

ఫూసి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"బాగానే ఉంది," అంది మర్యాదగా.

కూతురు ఇంకా ఏదో చెబుతుందేమోనని తలీతా కాసేపు చూసింది. తర్వాత చేప పళ్లెం కూతురి వైపు జరిపింది.